పైనుంచి వచ్చిన మాట

మా అక్క మొగుడు ముప్ఫై ఒక్క ఏళ్లు లిఫ్టులు బాగుచేశాడు. పెద్ద పెద్ద భవనాల్లో జనం పైకీ కిందికీ హాయిగా తిరగడానికి ఆయన చీకటి గుంతల్లో మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆ గుంతలు ఆయన మోకాళ్లను తినేశాయి. ఇప్పుడు నాలుగు మెట్లు దిగాలన్నా గోడ పట్టుకోవాలి. నేను ఆయన మరదలిని. డ్రైవింగు స్కూల్లో కారు నడపడం నేర్పుతాను, అంటే రోజుకు ఆరుగురి మీద అరవడం నా ఉద్యోగం. కాబట్టి ఇది చెప్పేటప్పుడు నా గొంతు కాస్త లేస్తే సర్దుకోండి. లేవకుండా చెప్పడం నా వల్ల కాదు.

మాదంతా ఒకే భవనం. అక్కావాళ్లది ఐదో అంతస్తు, అదే చివరిది. నాది సరిగ్గా దాని కింద. ఉద్యోగం అయిపోయాక బావ మూడు నెలలు ఊరికే కూర్చున్నాడు. పనిచేసిన మగవాడు ఊరికే కూర్చుంటే ఇంట్లోవాళ్ల ప్రాణం ఎలా ఉంటుందో మా అక్కను అడగాలి. వంటింట్లో డబ్బాలన్నీ ఎత్తుల వారీగా పేర్చాడు. తలుపుల మడతబందులన్నిటికీ నూనె పోశాడు, ఎవరు ఎప్పుడు వచ్చారో వినపడక అక్క రెండుసార్లు ఉలిక్కిపడింది. అప్పుడే ఎక్కడో చదివి విమానాల రేడియో ఒకటి తెప్పించుకున్నాడు. ఇల్లు చల్లబడింది.

ఆ రేడియోలో పాటలు రావు, మాటలు రావు. ఎగిరే విమానం తన నంబరు, తన ఎత్తు, తానెక్కడున్నదీ క్షణానికోసారి చాటుకుంటూ పోతుందట. దాన్ని పట్టుకోవడానికి మేడ మీద మూరెడు పొడవున్న తెల్లటి యాంటెన్నా, అక్కణ్ణుంచి కిటికీ దాకా నల్లటి కేబులు, మధ్యలో అగ్గిపెట్టంత యాంప్లిఫయరు, గదిలో బొటనవేలంత రేడియో, దానికో చిన్న కంప్యూటరు. తెర మీద మ్యాపు, మ్యాపు మీద చీమల్లా పాకే విమానాలు. అన్నీ సరిగ్గా ఉంటే మూడు వందల కిలోమీటర్ల అవతల పోతున్న విమానం కూడా మా బావ కుర్చీలోంచి కనపడుతుంది. గుమ్మం దాటడానికే ఆలోచించే మనిషికి అంత మేర దొరికింది. నెలాఖరున ఏ దిక్కున ఎంత దూరం అందిందో కాగితం మీద చుక్కలు పెట్టి, చుక్కలు కలిపి గీత గీసి, గోడకు అంటించేవాడు. పెన్సిలుతో గీసిన మేఘంలా ఉండేది. "ఇదంతా నా చేతిపని" అనేవాడు నాతో. నిజమే, ప్రతి జాయింటూ ఆయనే వేశాడు.

ఇక జోడీ గురించి చెప్పాలి. లిఫ్టు పని ఒక్కడు చేసేది కాదు. ఒకడు కింద గుంతలో ఉంటే ఇంకొకడు భవనం నెత్తిన మోటారు గదిలో, మెయిను స్విచ్చి పక్కన ఉంటాడు. వీళ్లను జోడీ అంటారు. బావ జోడీ ఆయనకంటే నాలుగేళ్లు చిన్న. ఇరవై తొమ్మిదేళ్లు కలిసి పనిచేశారు, బావతో పాటే ఆయనా పని మానేశాడు. బావ కింద, ఆయన పైన. ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ మా ఇంట్లో అందరికీ ఆయన జోడీయే. అక్కను వదిన అంటాడు, నన్ను చెల్లెమ్మ అంటాడు. రెండు వీధుల అవతలే ఇల్లు. రోజూ నాలుగింటికి వచ్చి టీ తాగనిదే ఆయనకూ తోచదు, బావకూ తోచదు.

వాళ్ల వర్క్‌షాపులో ఒక పద్ధతి ఉండేది. గుంతలో ఉన్నవాడు "మెయిను తీశావా?" అని అరుస్తాడు, కరెంటు ఆపావా అని అర్థం. పైనున్నవాడు "తీశాను" అంటాడు. మళ్లీ "తీశావా?" "తీశాను." అంతే, ఇక చెయ్యి పెట్టాలి. మూడోసారి అడగకూడదు. అడిగితే నిన్ను నమ్మడం లేదని మొహం మీద చెప్పినట్టే, ఆ జోడీ ఇక కలిసి పనిచెయ్యదు. ఇది ఏ కాగితం మీదా రాసిలేదు. అద్దంలో చూశాక కూడా తల తిప్పి చూడమని రోజంతా మొత్తుకునేదాన్ని కదా, నాకు అసలు మింగుడుపడేది కాదు. ఇంకోసారి అడిగితే నోరు అరిగిపోతుందా బావా అని అడిగాను ఒకసారి. నోరు అరగదు, మనిషి అరిగిపోతాడు అన్నాడు.

మా మేడ మీద లిఫ్టు మోటారు గది ఉంది. దాని నెత్తిన పాత సిమెంటు తొట్టి ఉంది. అందులో నీళ్లు నిలిచి పదేళ్లయింది. గోడకు నిలువునా దిగ్గొట్టిన ఇనప నిచ్చెన, పద్నాలుగు మెట్లు. యాంటెన్నాను ఇనప గొట్టానికి తగిలించి, ఆ తొట్టి అంచుకు క్లాంపుతో బిగించింది బావే. నేను కింద నిలబడి చూశాను. దిగేటప్పుడు మోకాలు పట్టేసి, మధ్యలో ఆగి, చెమటలు కక్కి, చివరకు జోడీ భుజం మీద చెయ్యి వేసి నేల మీదికి దిగాడు. "ఇక నా వల్ల కాదు. నువ్వున్నావుగా" అన్నాడు. "నేనున్నాను అన్నా" అన్నాడు జోడీ. ఆ రోజు నుంచి ఆరు నెలలకోసారి జోడీ వెండిరంగు డబ్బా, బ్రష్షు పట్టుకుని మేడ మీదికి పోయేవాడు. బోల్టులు బిగించి, తుప్పు గీకి, రంగు వేసి, చేతులకు రంగు పూసుకుని దిగేవాడు. అక్క కిరసనాయిలు గుడ్డ అందించేది.

పోయినేడు ఒక వారం గాలి గట్టిగా వీచింది. ఆ నెల గీసిన గీత ముడుచుకుపోయింది. మూడు వందలు పోయి నూట పది. ఒక దిక్కున కాదు, అన్ని దిక్కులా. బావకు మొదట వచ్చిన అనుమానం పైదాని మీదే. జోడీకి ఫోను చేశాడు, ఆయన వచ్చి మేడ మీదికి వెళ్లాడు. బావ మెట్ల మొదట్లో గోడ పట్టుకుని నిలబడ్డాడు. నిలువుగా ఉందా అని అరిచాడు. ఉంది అన్నా, నిలువుగా, బిగువుగా ఉంది అని పైనుంచి వచ్చింది. ఉందా? ఉంది. బావ లోపలికి వచ్చి నోటుబుక్కు తీసి, మొదటి పేజీలో మొదటి వరుసలో 'యాంటెన్నా' అని రాసి, దాని మీద అడ్డంగా గీత కొట్టేశాడు. వాళ్ల పనిలో ఒకసారి గీత కొట్టినదాని దగ్గరికి మళ్లీ పోరు.

అక్కణ్ణుంచి మొదలైంది ఆయన తిప్పలు. కంప్యూటరులో ప్రోగ్రాము తీసేసి మళ్లీ ఎక్కించాడు. రేడియో వేడెక్కుతోందేమోనని దాని పక్కన చిన్న ఫ్యాను పెట్టాడు. కరెంటు సరిగ్గా అందడం లేదేమోనని అడాప్టరు మార్చాడు. యాంప్లిఫయరు తీసి నేరుగా కలిపి చూశాడు, పెట్టి చూశాడు. మన వీధి చివర కొత్తగా వచ్చిన సెల్‌ఫోను టవరు సిగ్నలు అడ్డుపడుతోందేమోనని, దాన్ని వడపోసే ఫిల్టరు ఒకటి తెప్పించాడు. ఒక్కోదానికి వారం రోజులు చూసి, ఎన్ని సందేశాలు పట్టుకుందో అంకెలు రాసి, గీత కొట్టేవాడు. ఆ పద్ధతి చూస్తే నాకే ముచ్చటేసేది. నా దగ్గర నేర్చుకునేవాళ్లలో ఒక్కడికి ఆ ఓపిక ఉంటే నా గొంతు ఇలా బొంగురుపోయేది కాదు.

ఫోనులో ఈ సరదా ఉన్నవాళ్ల గ్రూపు ఒకటి ఉంది. అందులో అడిగితే అందరూ ఒకటే మాట, ముందు యాంటెన్నా చూడండి అని. చూశాం, బాగుంది అని రాశాడు. మళ్లీ చూడండి అని రాశారు. బావకు ఒళ్లు మండి ఆ గ్రూపులోంచే బయటికి వచ్చేశాడు. పోనీ వాచ్‌మన్‌ను ఒకసారి ఎక్కించి చూద్దామండీ అని అక్క మెల్లగా అంది. ఒంటికాలి మీద లేచాడు, ఆ కాస్త పనిచేసే ఒక్క కాలి మీదే. జోడీ చూసి చెప్పాక ఇంకొకణ్ణి పంపితే వాడి మొహం ఎలా చూడను అన్నాడు. అయినా ఆ సంవత్సరంలో జోడీని అయిదుసార్లు అడిగాడు, ఎక్కి చూడమని. అయిదుసార్లూ జోడీ వెళ్లాడు. అయిదుసార్లూ పైనుంచి అదే మాట వచ్చింది.

పైన బాగున్నప్పుడు తప్పు కిందే ఉండాలి. కింద ఉన్నదంతా బావ చేతిపనే. కాబట్టి తన జాయింట్లు తానే కోయడం మొదలుపెట్టాడు. కేబులు చివర్లు కత్తిరించి, కొత్త కనెక్టర్లు వేసి, మీటరు పెట్టి చూసి, నచ్చక మళ్లీ కత్తిరించాడు. మేడ గోడ మీద కేబులు కలిసే పెట్టె దగ్గర జోడీ చేత తగిలించి, అక్కణ్ణుంచి కిటికీ దాకా ఇరవై మీటర్ల కేబులు మొత్తం మార్చాడు. నూట పది నూట పదే. ఒకరోజు నేను వెళ్లేసరికి కత్తిరించిన ముక్కలన్నీ బల్ల మీద వరసగా పేర్చి, భూతద్దంతో చూస్తున్నాడు. ఏం వెతుకుతున్నావు బావా అంటే, ఎక్కడ తప్పు చేశానో అన్నాడు.

ఆ అనుమానం రేడియో దగ్గర ఆగితే బాగుండేది. గ్యాసు కట్టానా అని మూడుసార్లు లేచి చూసేవాడు. తాళం వేశానా అని అక్కను అడిగి, ఆమె వేశారంటే కూడా తలుపు లాగి చూసేవాడు. మూడో అంతస్తులో ఉండే దర్జీ ఫ్యాను రెగ్యులేటరు చూడమని తెస్తే, నేను చూడను, ఎవరైనా తెలిసినవాళ్లకు చూపించండి అని తిప్పి పంపేశాడు. మా లిఫ్టు ఆగిపోయి కుర్రమెకానిక్కులు వచ్చినప్పుడు ఇదివరకు కుర్చీ వేయించుకుని కూర్చుని వాళ్లకు పాఠం చెప్పేవాడు. ఈసారి వాళ్ల మాటలు వినపడగానే తలుపు వేసుకున్నాడు. చేతిపని మీద బతికిన మనిషికి చేతుల మీద నమ్మకం పోతే ఇంకేం మిగులుతుందో నాకు తెలియదు. అక్కకు తెలుసు, అందుకే ఆమె బరువు తగ్గిపోయింది.

ఇప్పుడు చెప్పబోయేది నేను ఇప్పటికీ మింగలేకపోతున్నది. నాలుగింటి టీ దగ్గర నేనూ ఉన్నాను ఆ రోజు. బావ తన కుడిచేతిని అటూ ఇటూ తిప్పుకుంటూ, ఈ చెయ్యి పోయిందిరా తమ్ముడూ, ఒక్క జాయింటు కూడా సరిగ్గా పడటం లేదు అన్నాడు. జోడీ టీ ఊదుకున్నాడు. "వయసు అన్నా. మునుపటిలా ఉండాలంటే ఉంటాయా చేతులు?" అన్నాడు. అని, ఓదార్పుగా బావ చేతి మీద తన చెయ్యి వేశాడు. ఎంత మంచివాడు అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆ మాట పడ్డ నాలుగు రోజులకు బావ తన పనిముట్ల పెట్టె వాచ్‌మన్‌కు ఇచ్చేశాడు. ముప్ఫై ఒక్క ఏళ్ల పెట్టె. ఒక్కో స్పానరు పిడికి ఆయన అరచేతి గుర్తు పడి ఉంటుంది. అక్క నా గుమ్మంలోకి వచ్చి, చెంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఆయన నిన్న జోడీ చేత ఆఖరుసారి పైన చూపించారట, ఇక రేడియో కూడా విప్పేస్తానన్నారట. రేపో ఎల్లుండో గోడ మీది కాగితాలు కూడా చింపేస్తారేమో అంది.

నాకు తిక్క రేగింది. ఎవరి మీదో తెలియదు. ఆదివారం, పొద్దున పదిన్నర. అక్కను కూర్చోబెట్టి, చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు ఎగదోపి మేడ మీదికి వెళ్లాను. ఒకటి ఒప్పుకోవాలి. రోజూ ఆ మేడ మీదే బట్టలు ఆరేస్తాను. ఆ యాంటెన్నా కొస జానెడు మేర తొట్టి అంచు పైన కనపడాలి. ఏడాదిపాటు కనపడలేదు. నేను తలెత్తలేదు. బట్టలు ఆరేసేవాళ్లు తాడు చూస్తారు గానీ ఆకాశం చూడరు.

నిచ్చెన మొదటి ఆరు మెట్లూ తళతళ మెరుస్తున్నాయి. వెండిరంగు, పొర మీద పొర. ఏడో మెట్టు నుంచి అంతా తుప్పు. నేల మీద నిలబడి చెయ్యి చాపితే ఎంత అందుతుందో అంతవరకే రంగు ఉంది. నా బుర్రకు అది వెంటనే ఎక్కలేదు. ఎక్కుతూ పోయాను. తొమ్మిదో మెట్టు దగ్గర మొహానికి సాలెగూడు అడ్డం పడింది. ఒకటి కాదు, అక్కణ్ణుంచి పై దాకా మెట్టుకూ మెట్టుకూ మధ్య దట్టంగా అల్లుకుని ఉన్నాయి. నిన్న శనివారం జోడీ ఎక్కి దిగిన నిచ్చెన ఇది. నాకు యాభై నాలుగేళ్లు, ఆ మెట్ల మీద వేలాడుతూ నేను వాడిన మాటలు నా దగ్గర నేర్చుకునేవాళ్లు కూడా ఎప్పుడూ విని ఉండరు.

తొట్టి నెత్తిన యాంటెన్నా పడుకుని ఉంది. క్లాంపు తుప్పుపట్టి ఊడిపోయింది. గొట్టం పక్కకు ఒరిగి, అంచు లోపలికి పడిపోయి, తెల్లటి కడ్డీ సిమెంటు మీద అడ్డంగా ఉంది. చుట్టూ పాచి నల్లగా పేరుకుంది. కడ్డీ కాస్త జరిపితే దాని కింద మాత్రం సిమెంటు తెల్లగా, కడ్డీ ఆకారంలోనే ఉంది. ఎంతకాలంగా పడి ఉందో వేరే చెప్పక్కర్లేదు. పడుకున్న ఆ కడ్డీతోనే బావ నూట పది కిలోమీటర్లు లాగాడంటే, కింద ఆయన వేసిన జాయింట్లు ఎంత గొప్పవో అప్పుడు అర్థమైంది. అక్కడే కూర్చుని ఏడ్చాను. కోపంతోనే లెండి.

ఫోనులో ఫొటోలు తీసుకుని దిగాను. నిచ్చెనది, సాలెగూళ్లది, కడ్డీది. నేరుగా బావ దగ్గరికి వెళ్లి చూపించాను. చాలాసేపు చూశాడు. వేళ్లతో పెద్దది చేసి చూశాడు. నువ్వు వేరే వైపు నిచ్చెన ఎక్కి ఉంటావు అన్నాడు. మేడ మీద ఒకటే నిచ్చెన ఉంది బావా అన్నాను. రాత్రి గాలికి పడి ఉంటుంది అన్నాడు. కింద పాచి చూడు అన్నాను. సాలీడు ఒక్క రాత్రిలో ఎంతైనా అల్లుతుంది అన్నాడు. మెట్ల రంగు సంగతి అడిగితే ఫోను బోర్లించాడు. నా కళ్లను నమ్మడం కంటే జోడీ మాటను నమ్మడమే ఆయనకు తేలిక. నేను కేకలు వెయ్యబోతే అక్క నా చెయ్యి పట్టుకుంది. ఫోను ఇక్కడ పెట్టి వెళ్లు అన్నాడు బావ. నేను వెళ్లలేదు.

నాలుగింటికి జోడీ వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, రోజూ కూర్చునే చోటే కూర్చున్నాడు. అక్క టీ తెచ్చి ఇచ్చింది. ఫోను బావ చొక్కా జేబులో ఉంది. నేను వంటింటి గుమ్మానికి ఆనుకుని, పళ్లు బిగపట్టి నిలబడ్డాను. బావ తల ఎత్తకుండానే అడిగాడు.

"నిన్న ఎక్కావుగా తమ్ముడూ. నిలువుగా ఉందా?"

"నిలువుగా ఉంది అన్నా."

"ఉందా?"

"ఉంది."

బావ మెల్లగా తల ఎత్తాడు. ఆయన మొహంలో కోపం లేదు. బతిమాలుతున్నట్టు ఉంది.

"ఉందా?"

జోడీ చేతిలో గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. ఫొటో చూపించాల్సిన అవసరమే రాలేదు. ఇరవై తొమ్మిదేళ్లలో ఆ మనిషి నోట మూడోసారి రావడం ఆయన ఎప్పుడూ వినలేదు. గ్లాసు దించి, ఒళ్లో పెట్టుకుని, దానికేసే చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత ఆయన చెప్పినదాంట్లో ముక్కలే నాకు గుర్తున్నాయి. మొదటిసారి రంగు డబ్బా పట్టుకుని సగం దాకా ఎక్కాడట. కళ్లు తిరిగాయట. నిచ్చెనను కావలించుకుని పది నిమిషాలు అలాగే ఉండి దిగిపోయాడట. నేనున్నాను అని చెప్పిన నోటితో నా వల్ల కాదని ఎలా చెప్పను అన్నాడు. యాంటెన్నా బాగానే ఉంటుందనుకున్నాడట, అందుకే బాగుందన్నాడట. రంగు మిగిలిపోతే అడుగుతావని అందినంత మేర మెట్లకు వేశానన్నాడు. గీత ముడుచుకుపోయాక భయమేసిందట, కానీ అప్పటికే అబద్ధం చెప్పేసి ఉన్నాడు. ఒకటి చెప్పాక రెండోది తప్పలేదన్నాడు.

ఇదంతా విన్నాక నాకు కాస్త జాలేసిన మాట నిజం. కళ్లు తిరగడం తప్పు కాదు. ముసలితనం ఎవరిని ఎక్కడ పట్టుకుంటుందో ఎవరికి తెలుసు? అది చెప్పి ఉంటే బావ నవ్వి, మనిద్దరం ఒక జత కాళ్లకు కూడా చాలం అని వాచ్‌మన్‌ను పిలిచేవాడు. ఆ జాలి రెండు నిమిషాలు కూడా నిలవలేదు.

బావ ఒకటే అడిగాడు. "నా చేతులు పోయాయని నేనన్నప్పుడు?"

జోడీ గ్లాసును అటూ ఇటూ తిప్పాడు.

"అప్పుడైనా చెప్పాల్సింది తమ్ముడూ. నా చేతులు నరుక్కుంటున్నట్టు కేబులు నరుక్కుంటుంటే పక్కన కూర్చుని చూశావు. వయసు అన్నావు."

అక్క మా ఇంట్లో మెత్తని మనిషి. ఆమె నోట ఎవరికీ ఒక్క మాట తగలలేదు ఇంతవరకూ. ఆమె వచ్చి, సగం తాగిన గ్లాసు జోడీ చేతిలోంచి తీసుకుని, లోపలికి వెళ్లిపోయింది. నేను పొద్దున నిచ్చెన మీద తిట్టిన తిట్లన్నీ కలిపినా దానికి సాటి రావు.

జోడీ లేచాడు. గుమ్మం దాకా వెళ్లాక బావ మళ్లీ అడిగాడు, ఈ కళ్లు తిరగడం ఎప్పటి నుంచి అని. సర్వీసులో ఉన్నప్పుడే మొదలైంది అన్నా, చివరి రెండేళ్లు, అన్నాడు జోడీ. అని వెంటనే నాలుక కరుచుకున్నాడు. ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు. బావకు తెలిసింది. పాత భవనాల్లో మోటారు గదికి మెట్లు ఉండవట, ఆఖరు అంతస్తు నుంచి నిలువు నిచ్చెనే. "అక్కడ ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు అన్నా. ఎక్కాకే చెప్పాను. ఒట్టు" అన్నాడు జోడీ. బావ సరే అన్నాడు. చెప్పుల చప్పుడు మెట్ల మీద దిగిపోయింది. ఆ తర్వాత నాలుగింటికి ఆయన రాలేదు, బావ పిలవలేదు.

రెండు రోజులకు నేనూ వాచ్‌మనూ కలిసి యాంటెన్నా నిలబెట్టాం. కొత్త క్లాంపు, కొత్త బోల్టులు. వాచ్‌మన్ ఆ పనిముట్ల పెట్టె తెచ్చి, పని అయ్యాక అడక్కుండానే అక్క వాళ్ల గుమ్మం లోపల పెట్టి వెళ్లాడు. మేము కిందికి వచ్చేసరికి తెర మీద విమానాలు నిండిపోతున్నాయి. నూట పది, నూట అరవై, రెండు వందల ముప్ఫై. అరగంటలో రెండు వందల తొంభై దాటింది. అక్క ఏడాది తర్వాత నవ్వింది. బావ ఒక్కసారి తెర చూసి, "నా జాయింట్లు బాగానే ఉన్నాయన్నమాట" అని కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నాడు. నెలాఖరు వచ్చింది. గీత గియ్యలేదు.

నేను ఊరుకునే రకం కాదు. ఒక మధ్యాహ్నం పాఠాలు ముగించుకుని వచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నాను. చేతులు తిరిగొచ్చాయి, రేడియో తిరిగొచ్చింది, ఇంకా ఆ పెద్దమనిషి గురించి ఎందుకు కుమిలిపోతావు బావా అన్నాను. ఒక అబద్ధాలకోరు పీడ విరగడైందనుకో అన్నాను. బావ కసరలేదు. ఆయన ఆలోచిస్తున్నది ఆ చివరి రెండేళ్ల గురించి అని చెప్పాడు. పాత బట్టల మిల్లు లిఫ్టు, ఆసుపత్రి వెనక సామాన్ల లిఫ్టు, ఇంకా కొన్ని, అన్నీ నిలువు నిచ్చెనలవే. ఆ గుంతల్లో వేరే స్విచ్చి ఉండేది కాదు. పైనుంచి తీశాను అని రెండుసార్లు వినపడితే చెయ్యి పెట్టేవాడు.

ఆయనకు ధైర్యం చెప్పడానికి నాకు అప్పుడు ఎంత తోస్తే అంత అన్నాను. "నీకేమీ కాలేదుగా బావా? ఒక్కసారి కూడా కాలేదుగా. అంటే తీసే ఉంటాడు."

"లిఫ్టు ఊరికే కదలదు" అన్నాడు బావ. "ఎవరో ఒకరు బటను నొక్కాలి. వాడు మెయిను తీశాడో, ఆ కాసేపు ఎవరూ నొక్కలేదో, నాకెలా తెలుస్తుంది?"

ఆయన చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, పది వేళ్లూ ఒక్కొక్కటే చూసుకున్నాడు.